పాత్రమెరిగి దానము: ఎరిగేది ఎవరు?



ఆదివారము ఆరాధన ముగిసి, పాస్టరుగారికి వందనము చెప్పి, మెట్లు దిగి గేటు వైపు నడిచే ఆ నాలుగడుగులు మనకందరికీ తెలిసినవే. గేటు దగ్గర ఒకరో ఇద్దరో కూర్చుని ఉంటారు. ఒక చేయి మన వైపు చాపబడుతుంది. ఆ క్షణములో మనలో కొందరము జేబు తడుముకుంటాము. కొందరము పక్కవారితో మాట గట్టిగా అందుకుంటాము. కొందరము సెల్‌ఫోను చూసుకుంటాము. కొందరము "చిల్లర లేదు" అంటాము. ఈ రోజుల్లో అది చాలాసార్లు నిజము కూడాను. కూరగాయల బండి దగ్గర సైతము ఫోనుతోనే చెల్లిస్తున్నాము గనుక జేబులో నాణెము ఉండడమే అరుదైపోయినది. ఇంతలో బస్సు వస్తుంది, ఇంటికి వెళ్లి భోజనము చేస్తాము, ఆ సంగతి మరచిపోతాము.

మరచిపోయిన ఆ సంగతిని గురించే ఈసారి నాలుగు మాటలు వ్రాయాలని తలచాము. వీధిలో చేయి చాపిన మనిషికి డబ్బు ఇవ్వవచ్చునా, ఇవ్వకూడదా? ఇస్తే మేలు చేసినట్టా, కీడు చేసినట్టా? ఇవ్వకపోతే అది వివేకమా, కాఠిన్యమా? చిన్న ప్రశ్నవలె కనబడుతుంది గాని, ఇదే ప్రశ్న మీద మా సంఘ పెద్దల మధ్య ఒక సాయంకాలము మాటలు పెరిగినవి. అందుకు కారణమైన సంగతి మొదట చెబుతాము.

మాది చెన్నైలో తాతల కాలమునుండి ఉన్న ఒక తెలుగు సంఘము. మా గేటు దగ్గర ఒక వృద్ధుడు దాదాపు మూడేళ్లుగా ప్రతి ఆదివారము కూర్చునేవాడు. ఒక కాలు సరిగా లేదు, కర్ర ఊతముతో నడిచేవాడు. "అమ్మా, తాయే" అని తమిళములో మెల్లగా అనడమే గాని, వెంటబడి అడిగే అలవాటు అతనికి లేదు. మాలో కొందరు ఎప్పుడైనా ఐదో పదో వేసేవారు. ఎక్కువమందికి అతడు గేటులో ఒక భాగమైపోయాడు.

ఒక ఆదివారము అతని పక్కన కొత్తగా ఒక స్త్రీ కూర్చున్నది. "అయ్యా, ధర్మం చెయ్యండి, మీ పిల్లలు చల్లగుండాల" అని తెలుగులో అడిగినది. అంతే, ఆమె చుట్టూ గుంపు చేరినది. "ఏ ఊరమ్మా మీది?" అని ఒకరు, "ఇంత దూరము ఎలా వచ్చావమ్మా?" అని మరొకరు. శ్రీకాకుళము వైపు అని ఆమె చెప్పినది. మాలో ఆ వైపు బంధుత్వములు ఉన్నవారున్నారు. పది, ఇరవై, యాభై నోట్లు ఆమె ఒడిలో పడినవి. మరుసటి వారము స్త్రీల సమాజపు అక్కగారు ఒకరు చీర తెచ్చి ఇచ్చారు. మేమందరము సంతోషముగా ఇంటికి వెళ్లాము. మేలు చేశామని మనస్సులో తృప్తి కూడ కలిగినది.

ఆ నెలలోనే కమిటీ సమావేశములో ఒక ప్రతిపాదన వచ్చినది. గేటు వద్ద యాచకులు కూర్చొనరాదని రెండు భాషలలో బోర్డు పెట్టాలని. ప్రతిపాదించిన సహోదరుడు కఠిన హృదయుడు కాడు. సంఘములో ఎవరి ఇంట కష్టము వచ్చినా ముందు నడిచే మనిషి. ఆయన చెప్పిన కారణములు మనమందరము ఏదో ఒక రోజు అన్నవే: ఒకరికి ఇస్తే పదిమంది వస్తారు, పండుగ దినములలో గేటు దాటడము కష్టమవుతుంది, ఇచ్చిన డబ్బు సాయంకాలానికి సారాయి దుకాణము చేరుతుంది, పని చేయగలవారిని మనమే సోమరులను చేస్తున్నాము. చివరికి, "పాత్రమెరిగి దానము చెయ్యమన్నారు మన పెద్దలు" అని కూర్చున్నారు.

అప్పుడు ఒక డీకన్‌గారు లేచి, "బోర్డు సంగతి తరువాత చూద్దాము. పోయిన ఆదివారము ఆ ముసలాయన చేతిలో పది రూపాయలు పెట్టాను. ఆయన నాతో ఒక మాట అన్నాడు. ఆ అమ్మ వచ్చిన రోజునే ఆమెను ఏ ఊరని అడిగారయ్యా, మూడేళ్లుగా నన్ను ఒక్కరూ అడగలేదు అన్నాడు" అని చెప్పారు.

ఆ మాటకు మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. తమిళము రాకనా? మాలో చాలామందిమి తమిళములో చదువుకున్నాము, తమిళములో ఉద్యోగము చేశాము, మా పిల్లలకు తెలుగుకంటె తమిళమే బాగుగా వస్తుంది. భాష అడ్డము కాదు. మాకు అడగాలని తోచలేదు, అంతే.

"పాత్రమెరిగి దానము, క్షేత్రమెరిగి విత్తనము" అనే సామెతను అప్పటినుండి మేము కొత్తగా ఆలోచించవలసి వచ్చినది. ఈ సామెత మంచిదే. రాతి నేల మీద గింజలు చల్లే రైతు ఎవడూ ఉండడు. కాని రైతు క్షేత్రమును ఎలా ఎరుగుతాడు? గట్టు మీద నిలబడి ఒక్క చూపు చూసి కాదు. పొలములోకి దిగి, మట్టి చేత పట్టి, నీరు ఎటు పారుతుందో చూసి ఎరుగుతాడు. మనమైతే ఈ సామెతను ఇవ్వకుండ ఉండడానికి వాడుకుంటాము గాని, ఎరగడానికి ఎన్నడైనా వాడామా? ఎదుటివాడు అపాత్రుడని తేల్చడానికి మనకు పట్టే సమయము మెట్ల దగ్గరనుండి గేటు వరకు నడిచేంత. అతని బట్టలు, వయస్సు, నోటి వాసన, చివరకు అతని భాష, ఇవే మన సాక్ష్యములు. ఆమె విషయములోను మేము పాత్రమెరిగి ఇవ్వలేదు. ఆమె కష్టము నిజమో కాదో మాకు తెలియదు. ఆమె మన మాట మాట్లాడినది గనుక ఇచ్చాము. అతడు మాట్లాడలేదు గనుక మానాము. రెండు పక్కలా ఎరిగినది ఏమీ లేదు.

ఇవ్వడము తప్పనేవారి మాటలలో నిజము లేదని మేము అనము. పిల్లలను అద్దెకు తెచ్చి ఎండలో సిగ్నళ్ల దగ్గర నిలబెట్టేవారు ఉన్నారు. తేలికగా వచ్చే డబ్బు కొందరిని కట్టిపడవేస్తుంది. తాగుడుకు పోయే రూపాయలూ ఉన్నవి. మరి ఎదుటనున్న ఈ ఒక్క మనిషి ఆ కోవకు చెందినవాడేనని మనకు ఎవరు చెప్పారు? పదిమందిలో నలుగురు మోసగాండ్రని ఒప్పుకున్నా, మిగిలిన ఆరుగురికి మనము ఏమి జవాబు చెబుతాము? నలుగురి మోసము వలన మనకు పోయేది నలభై రూపాయలు. ఆరుగురిని కాదనడము వలన వారికి పోయేది ఆ పూట భోజనము. ఈ రెండు నష్టములు ఒకే తూకము కావు. మోసపోతామేమో అనే భయము మన అహమునకు తగిలే దెబ్బే గాని, మన కడుపుకు తగిలేది కాదు.

సోమరితనమును గురించి పౌలు థెస్సలొనీక సంఘమునకు వ్రాసిన మాటను కూడ ఆ సమావేశములో ఒకరు ఎత్తారు. పని చేయకపోతే తిండీ లేదన్న ఆ మాట మనకు కంఠస్థమే. కాని ఆయన గద్దించినది పని చేయడానికి ఇష్టపడనివారిని. పని చేయలేనివారిని కాదు, పని దొరకనివారిని కాదు. మరొక సంగతి, ఆ మాట సంఘములో ఉన్నవారిని గురించి, ఒకరినొకరు ఎరిగినవారి మధ్య చెప్పినది. ఎవరు పని మానుకొని తిరుగుతున్నారో ఆ సంఘమునకు పేరుపేరునా తెలుసును. పేరు కూడ తెలియని మనిషి మీద ఆ తీర్పు ప్రయోగించడానికి మనకు అధికారము ఎక్కడిది?

అప్పుడు ఒక వృద్ధ సహోదరుడు బోర్డును సమర్థిస్తూ మన సొంత చరిత్రనే తీశారు. "క్లౌ దొరగారు కరవులో ముష్టి వేయలేదు, పని ఇచ్చారు" అన్నారు. ఇది బాప్టిస్టులమైన మనకు దగ్గరి సంగతి గనుక కొంచెము నిలిచి చూడవలసినది.

1876 నుండి 1878 వరకు దక్షిణ దేశములో గొప్ప కరవు వచ్చినది. మన పెద్దలు దానిని ధాత కరవు అన్నారు, తమిళులు కూడ ఆ సంవత్సరము పేరుతోనే చెప్పుకుంటారు. యాభై లక్షలకు పైగా జనము చనిపోయారని అంచనా. ఆ రోజుల్లోనూ ఇదే వాదము జరిగినది. ఉచితముగా పెడితే ప్రజలు సోమరులవుతారని, ఖజానా ఖాళీ అవుతుందని పాలకులు భయపడ్డారు. 1877లో వైస్రాయి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానిలో కరవు పనులకు వచ్చిన కూలివానికి రోజుకు ఒక పౌను ధాన్యము, దానిమీద కొద్దిపాటి డబ్బు చాలునని నిర్ణయించాడు. ఒక పౌను అంటే అర కిలో కూడ కాదు. రోజంతా మన్ను మోసే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనరుగా ఉన్న డాక్టరు కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. కొన్ని నెలలకే ఆ కొలత మార్చవలసి వచ్చినది. అప్పటికి ఎందరి ప్రాణములో పోయినవి. టెంపుల్ చదువు లేనివాడు కాడు, లెక్కలు తెలియనివాడు కాడు. ఆయన ఎరగనిదల్లా ఆ కూలివానిని.

అదే కాలములో ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ దొరగారు యౌవనములో అమెరికాలో సర్వే పని నేర్చినవారు. కరవు పనిగా తవ్వుతున్న బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల పని ఆయన కాంట్రాక్టుకు తీసుకున్నారు. తన బోధకులనే పని మీద పెద్దలుగా పెట్టారు. ఇతర చోట్ల మేస్త్రీల చేత తిట్లు, దెబ్బలు తిన్న మాదిగ పేదలకు అక్కడ మర్యాద దొరికినది. కూలి చేతికి వచ్చినది. ఆ బోధకులకు వచ్చినవారి పల్లెలు తెలుసు, ఇంటి పేర్లు తెలుసు, ఎవరు రోగియో ఎవరు బాలింతరాలో తెలుసు. కరవు సాయము నడుస్తున్నంత కాలము దొరగారు బాప్తిస్మములు ఆపి ఉంచారు. గంజి కోసము వచ్చినవారిని సంఘ లెక్కలో కలుపుకోకూడదని. సాయము ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఆ సంఖ్యను మనము ప్రతి జూబిలీలోను చెప్పుకుంటాము. ఆ 2,222 మంది ఎవరు? అంతకు ముందు ఏడాది ఒంగోలు చుట్టుపట్ల దారుల మీద ఎముకల గూళ్లవలె నడిచిన జనములోనివారే. తట్ట పట్టగలిగినవారు కాలువకు వెళ్లారు. పట్టలేని ముసలివారు, పసివారు చేయి చాపారు. వారిని ఆ రోజు దారిన పోయే ఒక గుమాస్తా చూసి ఉంటే బిచ్చగాండ్రు అనే అని ఉండేవాడు. వారిలో మన ముత్తాతలు ఉన్నారు. వారు కలిసి తవ్విన కాలువ చెన్నై నడుమనుండి పోతుంది. ఇక్కడ కూవము నదిని అడయారు నదితో కలిపిన భాగము కూడ ఆ కరవులోనే తవ్వినది. ఇప్పుడది మురికి కాలువ. వంతెన మీద బస్సులో పోతూ ముక్కు మూసుకుంటాము. ఆ మట్టి మోసినవారి బ్రతుకును గురించి ఎప్పుడైనా తలచుకున్నామా?

కాబట్టి ఆ వృద్ధ సహోదరుడు చెప్పినది నిజమే. దొరగారు పని ఇచ్చారు. దానికి మాలో ఒకరు మెల్లగా, "మనము ఆ ముసలాయనకు ఏ పని ఇచ్చామండి?" అన్నారు. ముష్టి కాదు పని ఇవ్వాలి అనే మాట చెప్పడానికి పని ఇచ్చినవానికే హక్కు. పని ఇవ్వకుండ, రూపాయి ఇవ్వకుండ, ఆ మాట ఒక్కటే ఇచ్చి పంపితే అది క్లౌ దొరగారి మార్గము కాదు, టెంపుల్ దొరగారి మార్గము.

ఇది ప్రభుత్వము చూసుకోవలసిన పని గదా అని కొందరు అంటారు. ప్రభుత్వము చూసిన విధమును కూడ చూద్దాము. మద్రాసు రాష్ట్రములో 1945లోనే యాచన నిరోధక చట్టము వచ్చినది. బొంబాయిలో 1959లో, కర్ణాటకలో 1975లో, ఆంధ్రప్రదేశ్‌లో 1977లో అటువంటి చట్టములు వచ్చినవి. బొంబాయి చట్టము ప్రకారము మొదటిసారి పట్టుబడినవారిని ఒకటి నుండి మూడేళ్లు, మరల పట్టుబడితే పదేళ్ల వరకు కూడ నిర్బంధములో ఉంచవచ్చును. ఢిల్లీలో అమలులో ఉన్న ఆ చట్టపు ముఖ్య భాగములు రాజ్యాంగ విరుద్ధమని 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసినది. బీదరికము వలన చేయి చాపడము నేరము కాజాలదన్నది. వీధులనుండి యాచకులను తొలగించమని ఆజ్ఞ ఇవ్వడానికి 2021 జూలైలో సుప్రీంకోర్టు కూడ ఒప్పుకోలేదు. అయినను 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ సమావేశమునకు ముందు యాచనను రెండు నెలలు నిషేధించి, వారిని ఊరి వీధులనుండి తరలించారు. 2025 జనవరి 1 నుండి ఇందోరులో ఇచ్చేవారి మీద కూడ కేసు పెడతామన్నారు.

కర్ణాటకలో ఉన్న మన సహోదరులు ఆస్తి పన్ను రసీదు తీసి చూడండి. అందులో యాచకుల సంక్షేమము పేర పన్ను మీద మూడు శాతము సెస్సు ఉంటుంది. అనగా ప్రతి ఇంటివారము ఏటా ఇస్తూనే ఉన్నాము. కాని ఇచ్చినంత మాత్రాన పని కాలేదు. 2010 ఆగస్టులో బెంగళూరులోని యాచకుల పునరావాస కేంద్రములో కొద్ది దినములలోనే ఎందరో చనిపోయిన వార్త రాష్ట్రమంతటినీ కలవరపెట్టినది. పన్ను వసూలైనది, గోడలు ఉన్నవి, గేటు ఉన్నది. లోపల ఉన్నవారిని మనుష్యులుగా ఎరిగినవారే కరవైపోయారు.

వీరి సంఖ్య లెక్కకు మించినదని, మన వలన ఏమవుతుందని నిరాశపడేవారికి ఒక మాట. 2011 జనాభా లెక్కలలో దేశమంతటా యాచకులుగా, దిమ్మరులుగా నమోదైనవారు 4,13,670 మంది. అప్పటి జనాభాలో ఇంచుమించు మూడు వేలమందికి ఒకరు. లెక్కలో పడనివారు ఉన్నారనుకొని దానిని మూడింతలు చేసినా, వేయిమందికి ఒకరు. వేయిమంది కలిసి ఒక మనిషిని ఎరగలేరా?

అపొస్తలుల కార్యములలో శృంగారమను ద్వారము వద్ద కూర్చున్న కుంటివానిని తలచుకోండి. అతనికి నలభై ఏండ్లు దాటినవి. దినదినము ఎవరో మోసుకొని వచ్చి అక్కడ దించేవారు. ఆ దారిన దేవాలయమునకు వెళ్లిన భక్తులు వేలమంది. పేతురు, యోహాను దగ్గర వెండి బంగారములు లేవని మనకు తెలుసు. స్వస్థతకు ముందు జరిగిన చిన్న సంగతులు మాత్రము మనము త్వరగా దాటిపోతాము. వారు ఆగారు. అతనిని తేరి చూశారు. తమ వైపు చూడమన్నారు. తరువాత కుడి చేయి పట్టుకొని లేవనెత్తారు. అద్భుతములు చేసే శక్తి మనకు లేకపోవచ్చును. ఆగడానికి, చూడడానికి, చేయి తాకడానికి ఏ వరమూ అక్కరలేదు గదా.

అయితే ఎరగడము ఒక్కటే చాలునని కూడ అనుకోకూడదు. ధనవంతుడు, లాజరు ఉపమానములో ఒక భయంకరమైన వివరము ఉన్నది. పాతాళములో బాధపడుతున్న ఆ ధనవంతుడు లాజరును పేరు పెట్టి అడుగుతాడు. అనగా తన వాకిట పడి ఉన్నవాని పేరు అతనికి తెలుసు. తెలిసీ రోజూ దాటిపోయాడు. ఎరగకుండ కాదనడము ఒక తప్పు, ఎరిగి కాదనడము అంతకంటె పెద్ద తప్పు.

మరి మనము ఏమి చేయవలెను? మాకు తోచినది ఇది. మన ముందు రెండు దారులు ఉన్నవి. ఎదుటివానిని ఎరిగి, అతనికి నిజముగా ఏది మేలో అది చేయడము ఒకటి. ఎరగడానికి వీలు లేనప్పుడు, రైలులో, సిగ్నలు దగ్గర, సంతలో, విచారణ చేయకుండ మనకు భారము కాని చిన్న మొత్తము ఇచ్చి ముందుకు సాగడము రెండవది. ఎరగకుండనే తీర్పు తీర్చి, ఆ తీర్పుకు వివేకమని పేరు పెట్టుకొని దాటిపోయే దారి మాత్రము మనకు లేదు. చేతిలో నిజముగా ఏమీ లేకపోతే, ముఖము చూసి, "లేదయ్యా" అని చెప్పండి. ఇవ్వనివాని కసురు విన్నంత కష్టము ఇవ్వలేనివాని మర్యాద వలన కలుగదు. నెలకు ఇంత అని కొంత చిల్లర విడిగా పెట్టుకుంటే, రోజూ మనస్సుతో పోరాడే పని తప్పుతుంది. మన స్త్రీలు వంటకు ముందు గుప్పెడు బియ్యము పక్కన పెట్టడము అటువంటి అలవాటే. ప్రతి పూటా బియ్యము కొలిచి, ఈ రోజు పెట్టాలా వద్దా అని వారు వాదించుకోరు.

పిల్లల సంగతి వేరు. చిన్నపిల్ల చేతిలో పెట్టిన డబ్బు ఆ పిల్లకు చేరదు, ఆమెను పంపినవారికి చేరుతుంది. రేపు మళ్లీ ఆమెను ఎండలో నిలబెట్టడానికి అదే కారణమవుతుంది. పిల్లలచేత యాచన చేయించడము 2015 నాటి బాల న్యాయ చట్టము ప్రకారము ఐదేళ్ల వరకు శిక్ష పడే నేరము. అక్కడే తినగలిగినది ఏదైనా పెట్టండి. 1098 నంబరుకు ఫోను చేయండి. ఫోను చేసి ఐదు నిమిషములు నిలబడడము ఐదు రూపాయల కంటె ఖరీదైన దానము.

ఇక సంఘముగా చేయవలసినది ఉన్నది. రూపాయి ఒక పూటకు పనికివస్తుంది. రేషను కార్డు, ఆధారు, పింఛను కాగితము, ఆసుపత్రి చీటి, ఇవి రూపాయి తేలేనివి. చదువు వచ్చినవారు, ఆఫీసులలో పని చేసి రిటైరైనవారు మన ప్రతి సంఘములోను ఉన్నారు. ఏ కౌంటరు దగ్గర ఏ ఫారము నింపాలో వారికి తెలుసు. ప్రభు బల్ల ఆదివారము మనము తీసే బీదల కానుక ఏడాది చివర లెక్కలో మిగులుగా చూపించడానికి కాదు.

చివరిగా ఒక సంగతి. మనము ఈ ఊళ్లకు వచ్చినవారము. కోలారు బంగారు గనులకు, షోలాపురము మగ్గములకు, ఖుర్దారోడ్డు రైల్వే కాలనీలకు, మద్రాసు రేవుకు మన తాతలు మూటతో దిగినప్పుడు వారి దగ్గర ఏమి ఉన్నది? స్టేషను బయట ఎవరో ఒకరు "మీది ఏ ఊరు?" అని తెలుగులో అడిగారు. ఆ ఒక్క ప్రశ్న వెంట ఒక అరుగు దొరికినది, ఒక పూట భోజనము దొరికినది, మరునాడు పని దొరికినది. ఆ ప్రశ్న విలువ మనకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? దానిని మన భాషవారి కోసమే దాచుకుంటే, మనకు భోజనము పెట్టిన ఊరికి మనము ఇచ్చినది ఏమిటి?

మా గేటు దగ్గర సంగతి ఎలా ముగిసినదని మీరు అడగవచ్చును. చక్కగా ముగిసినదని చెప్పలేము. ఆ వృద్ధునిది విల్లుపురము పక్క పల్లె. తాపీ పనిలో సారవ మీదనుండి పడి కాలు విరిగినది, సరిగా అతుకలేదు. రేషను కార్డు తమ్ముని ఇంట్లో ఉండిపోయినది, ఆ తమ్మునికీ ఇతనికీ మాటలు లేవు. మాలో ఇద్దరు సహోదరులు రెండుసార్లు ఆ ఊరికి వెళ్లారు. కాగితములు చేతికి రావడానికి, పింఛను మొదలు కావడానికి ఏడు నెలలు పట్టినది. ఇప్పటికీ అతడు ఆదివారము వస్తాడు. గేటు బయట ఎండలో కాక లోపల వేపచెట్టు నీడలో కూర్చుంటాడు. కొన్ని సాయంకాలములు తాగుతాడని మాకు తెలుసు. ఆ విషయములో అతనితో గొడవ పడేంత చనువు కూడ మాకు వచ్చినది. గొడవ పడుతున్నాము.

తెలుగులో అడిగిన ఆ అమ్మ నాలుగు వారములు వచ్చి తరువాత కనబడలేదు. ఎక్కడికి వెళ్లినదో, ఆమె చెప్పినది ఎంతవరకు నిజమో మాకు తెలియదు. అంత ప్రేమతో ఊరు అడిగినవారము, పేరు అడగలేదు. ఈనాటికీ మాలో ఎవరికీ ఆమె పేరు తెలియదు.

బోర్డు వ్రాయించలేదు. వద్దని తీర్మానమూ చేయలేదు. ఆ ప్రతిపాదన చేసిన సహోదరుడే విల్లుపురము వెళ్లిన ఇద్దరిలో ఒకరు. ఆయన ఇప్పటికీ, ఒకరికి ఇస్తే పదిమంది వస్తారనే అంటారు. అది నిజమే, మరి ఇద్దరు వచ్చారు. వారి ఊళ్లు అడిగాము, ఈసారి పేర్లు కూడ అడిగాము.

మీ సంఘముల గేట్ల దగ్గర ఎవరు కూర్చుంటున్నారో, మీరు ఏమి చేస్తున్నారో మాకు వ్రాయండి.